పార్లర్ డబ్బీ క్రీమ్ ఆపితే మొఖం మండుతోంది, మళ్ళీ రాస్తే చల్లబడుతోంది. ఏం చేయాలి?

మిర్యాల_స్వప్న
ఎవరికైనా ఇట్లా అయిందా చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది. మా చెల్లె పెళ్ళికి ముందు మిర్యాలగూడలో ఒక పార్లర్‌కి వెళ్ళాను. చెంపల మీద మచ్చలు పోతాయని అక్కడి ఆవిడ చిన్న తెల్ల డబ్బీలో క్రీమ్ ఇచ్చింది, రోజూ రాత్రి రాసుకోమంది. డబ్బీ మీద పేరు లేదు, తేదీ లేదు, కంపెనీ లేదు. రాసిన కొత్తలో మొఖం చాలా బాగా వచ్చింది. పెళ్ళిలో అందరూ ఏం రాస్తున్నావని అడిగారు. ఆ తర్వాత కూడా వాడుతూ వచ్చాను, ఒక డబ్బీ అయిపోతే ఇంకొకటి.

ఇప్పుడు డబ్బీ అయిపోయి నాలుగు రోజులు రాయకపోతే మొఖమంతా ఎర్రగా అయింది. మంట. పొయ్యి దగ్గర నిలబడితే చెంపలు కాలినట్టు ఉంటుంది. చిన్న చిన్న చీము పొక్కులు లేచాయి. పై పెదవి మీద ఎప్పుడూ లేని వెంట్రుకలు కనిపిస్తున్నాయి. మామూలు సబ్బు పెట్టినా ఓర్చుకోలేకపోతున్నా. పార్లర్ ఆవిడకు ఫోన్ చేస్తే "ఆపినందుకే అట్లయింది, మళ్ళీ రాయి, తగ్గుతుంది" అంది. కొత్త డబ్బీ తెచ్చి రాస్తే నిజంగానే తెల్లారేసరికి తగ్గింది. మా ఇంట్లో వాళ్ళు తగ్గింది కదా, రాసుకో అంటున్నారు. నాకు మాత్రం భయంగా ఉంది. దీని నుంచి బయటపడేదెట్లా?

సూర్యాపేట_సిరి
నాకూ మొఖం మండింది. ఆన్‌లైన్‌లో గ్లైకోలిక్ యాసిడ్ సీరం, రెటినాల్ రెండూ తెప్పించి ఒకే వారంలో మొదలుపెట్టాను. ముక్కు పక్కన, నోటి పక్కన తోలు పొరలు పొరలుగా ఊడింది. అన్నీ ఆపేసి, ఉత్త నీళ్ళతో కడుక్కుని, వాసన లేని మాయిశ్చరైజర్ ఒక్కటే రాశాను. నెల తిరగకముందే మామూలైంది. నువ్వు కూడా అన్నీ ఆపేసెయ్ అక్కా, అదే తగ్గుతుంది.

వనపర్తి_వదిన
పార్లర్ల వాళ్ళు ఇచ్చేవన్నీ కెమికల్సే. శనగపిండిలో పసుపు, మీగడ కలిపి పట్టించు. మా అమ్మమ్మ కాలం నుంచి ఇదే. ఎవరికీ ఏమీ కాలేదు.

దేవరకొండ_టీచరమ్మ
వదినా, మంచి చర్మం మీద పసుపు వేరు, పచ్చిగా మండుతున్న చర్మం మీద పసుపు వేరు. ఇప్పుడు స్వప్న మొఖానికి శనగపిండి రుద్దితే ఉన్న పొర కూడా పోతుంది. దయచేసి ఇప్పుడు ఏ పట్టూ వద్దు.

స్టాఫ్‌నర్స్_జడ్చర్ల
స్వప్న చెల్లె, కొన్ని విషయాలు చెప్పు. ఎన్నాళ్ళుగా వాడుతున్నావు, వారాలా నెలలా? కళ్ళ చుట్టూ కూడా రాశావా? చెంపల మీద సన్నని ఎర్ర నరాలు దారాల్లాగా కనిపిస్తున్నాయా? ఎండలోకి వెళ్ళగానే మంట పెరుగుతోందా? నువ్వు గర్భంతో ఉన్నావా, పాలిస్తున్నావా?

సిరి చెప్పింది మామూలు చురుకు. యాసిడ్ ఎక్కువై పై పొర దెబ్బతింటే ఆపితే చాలు, మానుతుంది. స్వప్నది అది కాదనిపిస్తోంది. రాస్తే తగ్గడం, ఆపితే రెట్టింపు కావడం, వెంట్రుకలు రావడం, ఈ మూడూ కలిసి కనిపిస్తే ముందు గుర్తొచ్చేది స్టెరాయిడ్.

మిర్యాల_స్వప్న
నెలలే అక్కా. దాదాపు ఏడాది అయి ఉంటుంది. కళ్ళ కింద నల్లగా ఉందని అక్కడ కూడా రాశాను. ఎర్ర నరాలు ముక్కు పక్కన ఉన్నాయి. ఎండకైతే అసలు ఓర్వలేను. గర్భం లేదు.

స్టెరాయిడ్ అంటే సూది కదా? క్రీమ్‌లో కూడా ఉంటుందా?

మందులషాపు_నల్గొండ
నేను ఫార్మసిస్టుని, చెప్తాను వినండి. కొంచెం పొడుగ్గా ఉంటుంది.

స్టెరాయిడ్ క్రీములు మంచి మందులే. ఎగ్జిమాకు, సోరియాసిస్‌కు డాక్టర్లు రాస్తారు. బీటామెథాసోన్, మొమెటాసోన్, క్లోబెటాసోల్, ఫ్లూయోసినోలోన్, ఇట్లాంటి పేర్లు ఉంటాయి. ఇవి చర్మంలోని రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తాయి, వాపును అణిచేస్తాయి. అందుకే రాసిన కొత్తలో మొఖం తెల్లగా, నునుపుగా కనిపిస్తుంది. మచ్చలకని డాక్టర్లు రాసే మందు ఇంకొకటి ఉంది, మూడు మందులు కలిపినది: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, ఒక స్టెరాయిడ్. అమెరికా చర్మవైద్యుడు క్లిగ్‌మన్ 1975లో ఇట్లాంటి మిశ్రమాన్ని మంగు మచ్చల కోసం పరిచయం చేశాడు. అది కొద్ది వారాలకు, డాక్టర్ చూస్తుండగా వాడాల్సింది. మన దగ్గర ఫెయిర్‌నెస్ క్రీమ్ లాగా చేతులు మారుతోంది.

నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది. ఆపగానే ముడుచుకున్న నాళాలు ఒక్కసారిగా విచ్చుకుంటాయి. మంట, ఎరుపు, పొక్కులు అక్కడినుంచే. మళ్ళీ రాస్తే మళ్ళీ ముడుచుకుంటాయి, తగ్గిందనిపిస్తుంది. ఆ తగ్గడాన్ని చూసి మందు పనిచేస్తోందనుకుంటాం, ఇంకో డబ్బీ కొంటాం. లోపల చర్మం ఇంకా పలచబడుతూ ఉంటుంది. మన దేశంలో ఇది ఎంత ఎక్కువంటే కలకత్తా డాక్టర్లు 2008లో దీనికి టాపికల్ స్టెరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్, అంటే పూత స్టెరాయిడ్‌తో దెబ్బతిన్న మొఖం అని ప్రత్యేకంగా పేరే పెట్టారు.

2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. అసలు ట్యూబ్ అయితే పెట్టె మీద ఎర్ర గీత, ఆర్ఎక్స్ గుర్తు, మందుల పేర్లు ఉంటాయి. ట్యూబులోంచి తీసి డబ్బీలో నింపితే అవేవీ కనపడవు. పేరు లేని డబ్బీని మొఖానికి రాయకండి, ఎవరిచ్చినా సరే.

గద్వాల్_మిర్చి
అన్న బాగా చెప్పిండు. మా దగ్గర మిరప కోతలప్పుడు చేతులు మండితే నీళ్ళతో ఎంత కడిగినా పోదు, ముందు నూనె రాసి తర్వాత సబ్బుతో కడగాలి. ఆ చేతులతో కన్ను నలుపుకున్నోళ్ళకు తెలుస్తది మంటంటే ఏందో. స్వప్న అక్కా, మా ఊరికి మాత్రం ఇప్పుడే రాకు.

మిర్యాల_స్వప్న
😄 చాలా రోజుల తర్వాత నవ్వాను తమ్ముడూ. నవ్వినా చెంపలు లాగుతున్నాయి.

హుజూర్‌నగర్_సిమెంట్
నేను సిమెంట్ పనిలో ఉంటాను. తడి సిమెంట్ క్షారం, చర్మాన్ని కాలుస్తుంది. అది కాక సిమెంట్‌లో ఉండే క్రోమియం కొందరికి అలర్జీ. ఒకసారి అలర్జీ పట్టుకుంటే తర్వాత కొద్దిగా తగిలినా దద్దుర్లు లేస్తాయి. మా మేస్త్రీకి డాక్టర్ వీపు మీద పట్టీలు అంటించి రెండు రోజుల తర్వాత తీసి చూసి, మళ్ళీ ఇంకో రోజు రమ్మని చూసి, క్రోమియం అని చెప్పాడు. స్వప్నకు కూడా అట్లా టెస్ట్ చేయించాలేమో?

స్టాఫ్‌నర్స్_జడ్చర్ల
అది ప్యాచ్ టెస్ట్ అన్నా. 48 గంటలకు పట్టీలు తీసి చూస్తారు, తర్వాత మళ్ళీ ఒకసారి చూస్తారు. అలర్జీ అనుమానం ఉంటే డాక్టరే చెప్తారు. ఇప్పుడు మంట ఇంత ఉన్నప్పుడు చేయరు, ముందు చల్లబడాలి.

స్వప్న, నీ మాటలను బట్టి నేను రోగం నిర్ధారణ చేయలేను, చర్మ డాక్టర్ చూడాలి. వెళ్ళేటప్పుడు ఆ డబ్బీని పారేయకుండా పట్టుకెళ్ళు. కళ్ళ కింద కూడా రాశానన్నావు కాబట్టి కంటి డాక్టర్‌కి కూడా ఒకసారి చూపించుకో. కళ్ళ దగ్గర స్టెరాయిడ్ ఎక్కువ రోజులు వాడితే కంట్లో ఒత్తిడి పెరగొచ్చు, శుక్లం రావొచ్చు. చూపు బాగానే ఉందిలే అని వదిలేయకు, ఒత్తిడి పెరిగినా మొదట్లో ఏమీ తెలియదు.

అచ్చంపేట_అడవి
స్టెరాయిడ్ ఆపొద్దు, మెల్లగా తగ్గించాలి అంటారు కదా. మా బావకు గోళీలు అట్లాగే ఒక్కొక్కటి తగ్గించారు. ఇక్కడ కొందరు ఆపేయమంటున్నారు, ఏది నిజం?

స్టాఫ్‌నర్స్_జడ్చర్ల
మంచి ప్రశ్న. గోళీల సంగతి పూర్తిగా వేరు, వాటిని చెప్పకుండా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. మొఖం క్రీమ్ దగ్గర కొందరు డాక్టర్లు ఒకేసారి ఆపిస్తారు, కొందరు గాఢత తక్కువున్న స్టెరాయిడ్‌కి మార్చి రోజు మార్చి రోజు రాయించి ఆపిస్తారు, కొందరు టాక్రోలిమస్ లాంటి స్టెరాయిడ్ కాని మందు ఇస్తారు. ఎంత కాలం, ఎంత గాఢమైనది వాడారో చూసి నిర్ణయిస్తారు. ఇక్కడ చిక్కు ఏంటంటే డబ్బీలో ఏముందో ఎవరికీ తెలియదు. తెలియని దాన్ని ఇంట్లో కూర్చుని కొంచెం కొంచెం తగ్గిస్తాననడం కుదరదు. ఈ వారంలోనే డాక్టర్ దగ్గరికి వెళ్ళు.

అచ్చంపేట_అడవి
సరే అక్కా, అర్థమైంది. మా తమ్ముడికి తొడల దగ్గర తామర. ఊళ్ళో ఆర్‌ఎంపీ చెప్పిన క్రీమ్ రాశాడు, రెండు రోజుల్లో దురద పోయింది. ఆపితే ఇంకా పెద్ద చుట్టలుగా వచ్చింది, ఇంట్లో ఇంకొకరికి కూడా అంటుకుంది. తర్వాత పెద్ద డాక్టర్ చూసి అందులో స్టెరాయిడ్ కూడా కలిసి ఉందన్నాడు. దురద అణిగింది కానీ లోపల ఫంగస్ పెరుగుతూనే ఉందంట. గుండ్రంగా ఉండాల్సిన తామర ఆకారం కూడా మారిపోయి గుర్తు పట్టడానికే కష్టమైంది. కాబట్టి మొఖానికే కాదు, ఒంటి మీద ఎక్కడైనా రాసే ముందు అట్ట మీద పేర్లు చదవండి.

నల్గొండ_నాగన్న
క్రీమ్ క్రీమ్ అంటున్నారు, మన నీళ్ళ సంగతి ఎవరూ ఎత్తరు. నల్గొండ జిల్లా ఫ్లోరైడ్ నీళ్ళు. మర్రిగూడ దిక్కు పోయి చూడండి, నడుములు వంగిపోయిన మనుషులున్నారు. ఆ బోరు నీళ్ళతో మొఖం కడిగితే మంట పుట్టదా?

మందులషాపు_నల్గొండ
నాగన్నా, ఫ్లోరోసిస్ మన జిల్లా పెద్ద బాధ, కాదనేవాళ్ళు లేరు. కానీ అది ఏళ్ళ తరబడి తాగడం వల్ల పళ్ళకు, ఎముకలకు వచ్చేది. మొఖం కడిగితే ఫ్లోరైడ్ వల్ల మండుతుందనడం సరికాదు. అయితే మీ మాటలో సగం ఉంది. బోరు నీళ్ళు ఉప్పదనంతో గట్టిగా ఉంటాయి, వాటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. సబ్బు వాటితో కలిస్తే నురగ రాదు, తెల్లటి జిడ్డు చర్మం మీద మిగిలిపోతుంది. దెబ్బతిన్న చర్మానికి అది ఇంకా చురుకు.

నల్గొండ_నాగన్న
మా బకెట్‌కి అంచు చుట్టూ తెల్లగా పేరుకుంటది, అదేనా?

మందులషాపు_నల్గొండ
అదే అన్నా. మొఖానికి మటుకు మిషన్ భగీరథ కుళాయి నీళ్ళు ఒక చెంబు పక్కన పెట్టుకుంటే చాలు. ఇంకో సంగతి, మామూలు సబ్బు పీహెచ్ (పులుపు, క్షారం కొలత, 7 కంటే తక్కువైతే పులుపు) 9, 10 దాకా ఉంటుంది, మన చర్మం 5 దగ్గర ఉంటుంది. అందుకే సబ్బు కాకుండా నురగ తక్కువొచ్చే ఫేస్ క్లెన్సర్ వాడమంటారు. పొద్దున అదీ అక్కర్లేదు, ఉత్త నీళ్ళు చాలు.

పాలమూరు_పిల్ల
నిమ్మరసం పెట్టొచ్చా? యూట్యూబ్‌లో పీహెచ్ బ్యాలెన్స్ అవుతుందని చెప్తున్నారు.

దేవరకొండ_టీచరమ్మ
వద్దు తల్లీ! నిమ్మరసం పీహెచ్ 2 దగ్గర ఉంటుంది. పచ్చి చర్మం మీద పోస్తే ఏమవుతుందో ఆలోచించు. దానికి తోడు నిమ్మరసం పట్టించుకుని మన ఎండలోకి వెళ్తే పొక్కులు వచ్చి తర్వాత నల్లమచ్చలు మిగులుతాయి.

వనపర్తి_వదిన
నిమ్మకాయ నేను కూడా వద్దంటాను. మరి కలబంద? మా పెరట్లోనే ఉంది, చల్లగా ఉంటుంది.

స్టాఫ్‌నర్స్_జడ్చర్ల
కలబంద కొందరికి హాయిగానే ఉంటుంది వదినా. కానీ మట్ట కోయగానే పసుపు పచ్చగా కారుతుంది చూడండి, ఆ పాలు చర్మానికి దురద పుట్టిస్తాయి. చాలామంది కడగకుండానే రుద్దుతారు. స్వప్న లాంటి మొఖానికి కొత్తది ఏదైనా ఇప్పుడు ప్రమాదమే. చల్లటి నీళ్ళలో తడిపి పిండిన నూలు గుడ్డ పది నిమిషాలు మొఖం మీద వేసుకుంటే మంట తగ్గుతుంది. ఐస్ ముక్క నేరుగా రుద్దొద్దు.

వనపర్తి_వదిన
గుడ్డ సంగతి బాగుంది. కొబ్బరినూనె కూడా వద్దంటే మాత్రం నేను ఒప్పుకోను, మా ఇంట్లో పిల్లలందరూ దాంతోనే పెరిగారు.

స్టాఫ్‌నర్స్_జడ్చర్ల
ఒంటికి రాయండి వదినా, నేనేం అనను. మొఖం మీద పొక్కులున్నప్పుడు మాత్రం నూనె రంధ్రాలను మూస్తుంది.

కొల్లాపూర్_మామిడి
సహజమైనవి ఏమీ చేయవనేవాళ్ళు మా తోటకు ఒకసారి రండి. మామిడికాయ తొడిమ తుంచగానే చిమ్మే సొన పెదవి పక్కన తగిలితే కాలినట్టు మచ్చ పడుతుంది, కొందరికి మొఖమంతా ఉబ్బుతుంది. చెట్టు నుంచి వచ్చిందే కదా అది! కాయలు కోసేవాళ్ళు సొన కారిపోయేదాకా బోర్లా పెట్టేది అందుకే.

పాలమూరు_పిల్ల
అందుకేనా మా నానమ్మ కాయ కడగకుండా కొరికితే తిట్టేది!

కొల్లాపూర్_మామిడి
అందుకే. మీ నానమ్మకు దండం పెట్టు.

హుజూర్‌నగర్_సిమెంట్
మగవాళ్ళకు కూడా చెప్తున్నా, హెయిర్ డై సంగతి. తలకు రంగేసుకున్న మర్నాడు మా అన్నకు నుదురు, కనురెప్పలు ఉబ్బి కళ్ళు మూసుకుపోయాయి. రంగులో పీపీడీ అని ఒకటి ఉంటుందంట. పెళ్ళిళ్ళలో వేసే నల్ల మెహందీలో కూడా అదే కలుపుతారంట.

స్టాఫ్‌నర్స్_జడ్చర్ల
నిజమే అన్నా. ఒకసారి అట్లా అయినవాళ్ళు ఇక ఆ రంగు జోలికి పోకూడదు, తర్వాతిసారి ఇంకా ఎక్కువ రావొచ్చు. పెదవులు, నాలుక ఉబ్బినా, ఊపిరి ఆడకపోయినా క్రీములు వెతకొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.

సూర్యాపేట_సిరి
ఒక్క మాట అడగనా? మనం ఇంతమందిమి స్టెరాయిడ్ అంటున్నాం, డబ్బీలో నిజంగా ఏముందో ఎవరు చూశారు? పాదరసం కూడా కలుపుతారని విన్నాను.

మందులషాపు_నల్గొండ
సిరి అన్నది సరైన అనుమానం. పాదరసం మెలనిన్, అంటే చర్మానికి రంగునిచ్చే పదార్థం తయారవకుండా అడ్డుపడుతుంది, అందుకే దొంగ ఫెయిర్‌నెస్ క్రీముల్లో కలుపుతారు. అది చర్మం గుండా ఒంట్లోకి పోయి కిడ్నీలను దెబ్బతీస్తుంది. 2023లో కేరళ మలప్పురం జిల్లాలో ఇట్లాంటి క్రీములు వాడిన వాళ్ళలో కిడ్నీ జబ్బులు బయటపడ్డాయి, పేపర్లలో వచ్చింది. కాళ్ళు, మొఖం ఉబ్బడం, మూత్రంలో నురగ కనపడితే స్వప్న డాక్టర్‌తో తప్పకుండా చెప్పాలి. ఒక మూత్ర పరీక్షతో చాలావరకు తేలిపోతుంది.

మిర్యాల_స్వప్న
అట్లా ఏమీ లేదు అన్నా, అయినా చెప్తాను. ఇంట్లో అందరికీ ఇదంతా చదివి వినిపించాను. ఇన్నాళ్ళూ రాసుకో అన్న మా అత్తమ్మే రేపు నల్గొండ పోదాం, నేనూ వస్తా అంది.

దేవరకొండ_టీచరమ్మ
అత్తమ్మ వస్తాననడం చాలా సంతోషం.

ఒకటి చెప్పాలి, చాలా రోజులుగా మనసులో ఉంది. నేను హైస్కూల్లో చెప్తాను. తొమ్మిదో తరగతి ఆడపిల్లలు పుస్తకాల సంచీల్లో ఈ ట్యూబులు తెస్తున్నారు. ఒకళ్ళు కొంటే నలుగురు పంచుకుంటారు. అడిగితే "అక్క పెళ్ళి ఉంది టీచర్" అంటారు, "అందరూ నల్లగా ఉన్నావంటారు టీచర్" అంటారు. మా ఊళ్ళల్లో పొద్దంతా ఎండలో పత్తి ఏరిన తల్లి కడుపున పుట్టిన పిల్ల తన రంగు చూసి సిగ్గుపడుతుంటే నాకు కడుపులో దేవినట్టుంటుంది. ఆ పిల్లలకు మందుల పేర్లు చెప్పడం ఎంత అవసరమో, రంగు గురించి ఇంట్లో మాట్లాడే మాటలు ఆపడం కూడా అంతే అవసరం. పెళ్ళిచూపులకు వచ్చిన వాళ్ళు "పిల్ల కొంచెం చామనఛాయ" అంటే తల్లిదండ్రులు తల దించుకోకండి.

పాలమూరు_పిల్ల
టీచర్, నాకూ అట్లాగే అన్నారు. చదివితే ఏడుపొచ్చింది.

గద్వాల్_మిర్చి
కానీ టీచరమ్మా, మచ్చలకు మందు అడగడం తప్పు కాదు కదా? మా అక్కకు కాన్పు తర్వాత మంగు వచ్చింది. తెల్లబడాలని కాదు, ఆ మచ్చలు పోవాలని అడిగింది. అందరినీ ఒకే గాటన కట్టొద్దు.

దేవరకొండ_టీచరమ్మ
నిజం తమ్ముడూ, మంగు చికిత్స చేయించుకోవాల్సిందే. డాక్టర్ దగ్గర చేయించుకోవాలన్నదే నా మాట.

స్టాఫ్‌నర్స్_జడ్చర్ల
గర్భంతో ఉన్నప్పుడు వచ్చిన మంగుకు ఒక జాగ్రత్త: ట్రెటినాయిన్, హైడ్రోక్వినోన్ ఉన్న క్రీములు కడుపుతో ఉన్నవాళ్ళు వాడొద్దు. చాలామందికి కాన్పు తర్వాత మచ్చ దానంతటదే కొంత తగ్గుతుంది.

మిర్యాల_స్వప్న
నల్గొండ పెద్దాసుపత్రికి వెళ్ళొచ్చాను. పొద్దున్నే వెళ్తే స్కిన్ ఓపీ చీటీ దొరికింది, లైను మాత్రం పొడుగు. డాక్టరమ్మ భూతద్దంతో చూసింది, డబ్బీ మూత తీసి చూసింది, ఏడాది అనగానే తల ఊపింది. మీరందరూ అన్నట్టే స్టెరాయిడ్ వాడిన మొఖమేనంది. ఈ వారంలో నాలాంటి వాళ్ళను ఇంకా చూశానని కూడా చెప్పింది.

ఒక గోళీ రాసింది, డాక్సీసైక్లిన్, పొక్కులకు. రాత్రిపూట పూయడానికి టాక్రోలిమస్, మొదట్లో వెచ్చగా చురుక్కుమంటుంది, భయపడొద్దంది. వాసన లేని మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్. ఇంకేమీ వద్దు. మూత్ర పరీక్ష చేయించింది, బాగానే ఉంది. కంటి డాక్టర్ దగ్గరికి కూడా పంపింది, ఒత్తిడి మామూలుగానే ఉందన్నారు.

ముఖ్యంగా ఒక మాట చెప్పింది: ఆపిన తర్వాత కొన్ని వారాలు ఇప్పటికంటే ఎక్కువ మండొచ్చు, అప్పుడే చాలామంది మళ్ళీ డబ్బీ తెరుస్తారు, తెరవొద్దు అని. పూర్తిగా కుదురుకోవడానికి నెలలు పడుతుందట. ఎర్ర నరాలు కొన్ని మిగిలిపోవచ్చు, వాటి సంగతి తర్వాత చూద్దామంది.

మందులషాపు_నల్గొండ
మంచి పని చేశారు. డాక్సీసైక్లిన్ వేసుకున్నాక నిండు గ్లాసు నీళ్ళు తాగండి, వెంటనే పడుకోకండి, గొంతులో అతుక్కుంటే పుండు పడుతుంది. ఎండకు చర్మం ఇంకా తొందరగా కమిలిపోతుంది, అదీ చూసుకోండి.

సూర్యాపేట_సిరి
మాయిశ్చరైజర్ మొఖం తడి పూర్తిగా ఆరకముందే రాయి అక్కా. నాకు అట్లా రాస్తేనే లాగడం తగ్గింది. తుడిచేటప్పుడు టవల్‌తో రుద్దకుండా అద్దుకో.

పాలమూరు_పిల్ల
సన్‌స్క్రీన్ రాస్తే నాకు మొఖం మండుతుంది. స్వప్న అక్కకు మండదా?

స్టాఫ్‌నర్స్_జడ్చర్ల
కొన్నింటికి మండుతుంది. జింక్ ఆక్సైడ్ ఉన్నవి మండే చర్మానికి కాస్త నెమ్మది. తెల్లగా పూసినట్టు కనపడతాయి, అయినా పర్లేదు. అదీ పడకపోతే గొడుగు, నూలు స్కార్ఫ్. స్కూటీ మీద పోయేటప్పుడు కట్టే సిల్కు స్కార్ఫ్ చెమట పట్టి రాపిడి పెడుతుంది. మన వేసవి 44, 45 దాకా పోతుంది కాబట్టి పదకొండు నుంచి నాలుగు మధ్య బయటి పనులు పెట్టుకోకపోవడమే మేలు.

గద్వాల్_మిర్చి
పొలం పనోళ్ళకు ఆ టైం దొరకదు అక్కా. మా అమ్మ తలకు తువాల చుట్టి, మొఖానికి కొంగు అడ్డం పెట్టుకుని పోతది.

స్టాఫ్‌నర్స్_జడ్చర్ల
అది చాలా మంచిది. గుడ్డను మించింది లేదు.

నల్గొండ_నాగన్న
అంతా బాగుంది కానీ ఆ పార్లర్ ఆమె ఇంకా అమ్ముతనే ఉంటది కదా? ఆమెను ఏం చేయలేమా?

మిర్యాల_స్వప్న
వస్తూ వస్తూ ఆగి చెప్పాను అన్నా. ఆమె కూడా అదే రాసుకుంటోంది. హైదరాబాద్ నుంచి ఏజెంటు కిలోల లెక్కన తెస్తాడంట, ఈమె డబ్బీలలో నింపుతుంది. లోపల ఏముందో ఆమెకు తెలియదు. మొదట కోప్పడింది, తర్వాత తన చెంపల మీద ఎర్ర నరాలు చూపించి ఇవి కూడా అవేనా అని అడిగింది. డాక్టరమ్మ ఓపీ రోజులు రాసిచ్చాను.

దేవరకొండ_టీచరమ్మ
చాలా మంచి పని చేశావు స్వప్నా.

నల్గొండ_నాగన్న
మంచిదే. అయినా ఆ ఏజెంటును వదలకూడదు. ఊరూరా పోస్తున్నడు.

మందులషాపు_నల్గొండ
వదలొద్దు. మందు వల్ల చెడు జరిగితే చెప్పుకోవడానికి ఫార్మకోవిజిలెన్స్ టోల్‌ఫ్రీ నంబర్ ఉంది, 1800 180 3024. మామూలు మనుషులు కూడా చెప్పొచ్చు, డాక్టరే చెప్పాలని లేదు. అసలు లైసెన్సు లేకుండా నింపి అమ్మడం అయితే రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖకు ఫిర్యాదు. డబ్బీ, అందులో మిగిలిన క్రీమ్, డాక్టర్ చీటీ జిరాక్స్ దాచి పెట్టండి, అవే ఆధారం. ఏజెంటు ఫోన్ నంబర్ పార్లర్ ఆమె ఇస్తే ఫిర్యాదులో రాయండి, ఇక్కడ మాత్రం పెట్టకండి. మా షాపుల్లో కూడా చీటీ లేకుండా ఈ ట్యూబులు అమ్మేవాళ్ళున్నారు, వాళ్ళ మీద కూడా చెప్పండి. మా వాళ్ళని నేను దాచను.

పాలమూరు_పిల్ల
నాకొక సందేహం. కొత్త క్రీమ్ ఏది కొన్నా మొఖానికి రాసే ముందు పడుతుందో లేదో ఇంట్లో చూసుకునే దారి ఉందా?

సూర్యాపేట_సిరి
మోచేతి మడత లోపలి వైపు రూపాయి బిళ్ళంత చోట రోజుకు రెండుసార్లు, ఒక వారం రాసి చూడు. ఎరుపు, దురద రాకపోతే మొఖానికి మొదలుపెట్టు. ఒకేసారి ఒక్కటే కొత్తది. నేను ఇప్పుడు అట్లాగే చేస్తున్నాను.

మందులషాపు_నల్గొండ
బాగుంది, ఒక్కటి కలుపుతాను. స్టెరాయిడ్ ఉన్న క్రీమ్ ఈ పరీక్షలో హాయిగా పాసవుతుంది, ఎందుకంటే అది దురదనే అణిచేస్తుంది. అందుకే ముందు అట్ట మీద పేర్లు చదవాలి, మోచేయి తర్వాత.

మిర్యాల_స్వప్న
మొన్నటి కంటే ఈ రోజు మంట ఎక్కువగా ఉంది. డాక్టరమ్మ చెప్పింది కాబట్టి భయం లేదు కానీ రాత్రి నిద్ర పట్టలేదు. డబ్బీని అత్తమ్మ బీరువాలో పెట్టి తాళం వేసి చెవి నడుముకు దోపుకుంది. ఆధారం కదా అంటోంది 😄

ఒకటి అడగాలి. పై పెదవి మీద వెంట్రుకలకు థ్రెడింగ్ చేయించుకోవచ్చా? వచ్చే నెల ఇంట్లో సీమంతం ఉంది.

స్టాఫ్‌నర్స్_జడ్చర్ల
థ్రెడింగ్, వ్యాక్సింగ్, బ్లీచ్ ఏదీ ఇప్పుడు వద్దు. వ్యాక్స్ పెడితే పలచబడ్డ చర్మం లేచి వస్తుంది. క్రీమ్ మానేశాక ఆ వెంట్రుకలు చాలామందికి మెల్లగా తగ్గుతాయి. మరీ ఇబ్బందిగా ఉంటే చిన్న కత్తెరతో కొసలు కత్తిరించుకో. రాత్రి మంటకు తడిగుడ్డ వేసుకో, దిండు కవరు ఉతికినది మార్చుకో. నిద్ర అసలు పట్టకపోతే, పొక్కులు పెరిగితే డాక్టరమ్మ మళ్ళీ రమ్మన్న రోజు దాకా ఆగకుండా ముందే ఓపీకి వెళ్ళు.

వనపర్తి_వదిన
సీమంతంలో బొట్టు కుంకుమ కూడా ఇప్పుడు పెట్టుకోకు తల్లీ, రంగులు కలిపిన కుంకుమ నాకే నుదుటి మీద దురద పెడుతుంది. చెంపలకు పసుపు రాయొద్దని ముందే చెప్పు, పాదాలకు రాస్తారు.

మిర్యాల_స్వప్న
అట్లాగే వదినా. అత్తమ్మకు చెప్పాను, ఆమెనే అందరికీ చెప్తానంది.

అచ్చంపేట_అడవి
స్వప్న అక్కా, ఆ ఓపీ ఏయే రోజుల్లో ఉంటుందో చెప్తావా? మా తమ్ముడికి తామర ఇంకా పూర్తిగా పోలేదు.

మిర్యాల_స్వప్న
నీకు మెసేజ్ పెట్టాను తమ్ముడూ. పొద్దున తొమ్మిదికి ముందే చేరుకోండి, ఆధార్ తీసుకుపోండి. ఇప్పటిదాకా రాసిన ట్యూబులు ఖాళీవైనా సరే సంచిలో వేసుకుని వెళ్ళండి, మొదట అడిగేది అవే.